మెత్తని గడప

"మీ ఇంట్లోగానీ, దగ్గరి చుట్టాల్లోగానీ ఎవరైనా ప్రకటనల కంపెనీలో, పత్రికలో, మార్కెట్ సర్వేలో పనిచేస్తున్నారాండీ?"

ఇరవై రెండేళ్ళుగా హైమావతి ఏ గడప ఎక్కినా అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఉన్నారు అన్నారా, అంతే సంగతులు. ఇంటావిడ కుర్చీ వేసి, ఫ్యాను తిప్పి, మజ్జిగ గ్లాసు చేతికిచ్చినా సరే, "మీ సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలండీ" అని నవ్వి లేచి రావాల్సిందే. సర్వే గుట్టు తెలిసిన ఇంట్లో సర్వే చెయ్యకూడదు, అదీ నియమం. ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఎన్ని మంచి ఇళ్ళు వదులుకుని ఉసూరుమంటూ పక్క వీధికి నడిచిందో ఆవిడ కాళ్ళనడగాలి.

ఆవిడ పనిచేసేది విజయవాడలో 'నాడి' అనే మార్కెట్ పరిశోధన సంస్థలో. వ్యాపారులకు వచ్చే సందేహాలకు జనం దగ్గర్నుంచి జవాబులు తెచ్చిపెట్టడం దాని పని. కొత్త ఆవకాయకి గాజు సీసా బాగుంటుందా, ప్లాస్టిక్ డబ్బానా? సబ్బుకి మల్లె వాసన పెడితే ఆడవాళ్ళు కొంటారా, తలనొప్పంటారా? కంపెనీ పెద్దలు ఏసీ గదుల్లో కూర్చుని జుట్టు పీక్కునే ప్రశ్నలకి జవాబు కృష్ణలంకలోనో, సింగ్‌నగర్‌లోనో ఏదో ఒక వంటింట్లో పోపు వేస్తూ ఉంటుంది. దాన్ని పట్టుకొచ్చేది హైమావతీ, ఆవిడ కింద పనిచేసే పద్నాలుగుమంది ఆడవాళ్ళూ.

కొత్తగా చేరినవాళ్ళకి ఆవిడ చెప్పే పాఠం ఒక్కటే. "వీధిలోకి దిగగానే కనపడ్డ తలుపల్లా కొట్టకండమ్మాయ్. ముందు మెత్తని గడప చూసుకోండి. ఎవరికి మొహమాటం ఎక్కువ, ఎవరంటే వీధిలో వాళ్ళందరికీ ఇష్టం, అది కనిపెట్టండి. ఆ ఒక్క గడప ఎక్కారా, వీధంతా ఎక్కినట్టే."

మెత్తని గడపని కనిపెట్టడంలో హైమావతి తర్వాత కస్తూరే. పంతొమ్మిదేళ్ళుగా ఇద్దరిదీ జంట. ఒకటే గొడుగు, ఒకటే నీళ్ళ సీసా, ఆకలేస్తే ఏ అరుగో చూసుకుని ఒకటే క్యారేజీ. కస్తూరి నాలుగేళ్ళు చిన్నది, 'హైమక్కా' అని పిలుస్తుంది. గట్టిగా మాట్లాడటం రాదు, తలుపు కూడా గట్టిగా వెయ్యదు. ఇలాంటి మనిషి సర్వేకేం పనికొస్తుందని మొదట్లో అందరూ పెదవి విరిచారు గానీ, ఆవిణ్ణి చూస్తే ఎంత గయ్యాళి ఇల్లాలైనా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేది.

ఆ వేసవిలో ప్రభంజన్ ఆ పెట్టెని తెచ్చాడు.

ప్రభంజన్ సంస్థ పెట్టినాయన మేనల్లుడు. గణాంకాల్లో పెద్ద చదువు చదివాడు. చేరిన కొత్తలో నెల రోజులు హైమావతి వెనకే తిరిగి పని నేర్చుకున్నాడు. ఎండకి మొహం కందిపోయినా నోరెత్తలేదు. అందుకే ఆవిడకి అతనంటే ఒకింత అభిమానం. పెద్దాయన మంచం పట్టాక సంస్థంతా ఇప్పుడతని చేతిలోనే ఉంది.

"దీని పేరు మారుగొంతు," అన్నాడు అందర్నీ పైగదిలోకి పిలిచి. బల్ల మీద టిఫిను డబ్బా అంత పెట్టె ఉంది. "ఒక మనిషి దీనితో ఇరవై గంటలు మనసు విప్పి మాట్లాడితే చాలండీ. ఆ తర్వాత ఆ మనిషితో పన్లేదు. మనం ఏ ప్రశ్న అడిగినా ఆ మనిషి ఏం చెబుతుందో ఇది చెబుతుంది, అదే గొంతుతో."

"జనం సగం అబద్ధాలు చెబుతారు కదండీ. అవేం చేస్తుంది?" అంది హైమావతి.

"ఇదీ అబద్ధమే చెబుతుంది. ఇంకోసారి మెల్లిగా అడిగితే నిజం చెబుతుంది. మీరు రాబట్టరూ, అలాగే."

ఆ మాటకి హైమావతి మురిసిపోయింది. మొదటి పరీక్షకి మీ ఇద్దరి గొంతులూ కావాలి అన్నాడతను, హైమావతినీ కస్తూరినీ చూపించి. కస్తూరి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "మనవాళ్ళు పనికిరారు కదండీ. మొదటి ప్రశ్నలోనే పోతాం," అంది. అందరూ నవ్వారు. ఇది సర్వే కాదు, ఊరికే పరీక్ష అని అతనెంత చెప్పినా ఆ మెత్తని మనిషి "వద్దులెండి, నియమం నియమమే" అని ఊరుకుంది. ఇంత చాదస్తం ఎక్కడుందే అని హైమావతి దాని నెత్తిన ఒక మొట్టికాయ వేసి, తను ఒప్పుకుంది.

ఒప్పుకోలు కాగితం ముందు పెట్టారు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేల గడపల్లో చదివి వినిపించిందో ఆ కాగితాన్ని. 'మీ పేరు ఎక్కడా రాదు. మీ జవాబు వందల జవాబుల్లో కలిసిపోతుంది.' నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలదు. బట్టీ వచ్చిన కాగితాన్ని మళ్ళీ ఎవరు చదువుతారు చెప్పండి? సంతకం పెట్టేసింది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి పైగదిలో పెట్టె ముందు కూర్చుంది.

"ఈవేళ కూరేం వండారండీ?" అని అడిగింది పెట్టె, నెమ్మదైన ఆడగొంతుతో.

"దొండకాయ వేపుడు."

"మీకిష్టమనా, ఇంట్లోవాళ్ళకి ఇష్టమనా?"

హైమావతి పకపకా నవ్వింది. తను ఊరందర్నీ అడిగే ప్రశ్నే అది. నవ్వు ఆగాక ఏం చెప్పాలో తోచలేదు. ఇరవై రెండేళ్ళుగా అందర్నీ అడిగి, అందరి మాటా ఓపిగ్గా విని, రాసుకుని వచ్చిన మనిషిని, నీకేం ఇష్టమమ్మా అని అడిగినవాళ్ళు లేరు. మొగుడు చలపతి మంచివాడే, ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తాడు, కానీ రోజంతా ఆ రొదలో ఉండి వచ్చినవాడికి ఇంట్లో ఎవరూ మాట్లాడకపోతేనే హాయి. పెట్టె మాత్రం ఆగింది. తొందరపెట్టలేదు. దాని నెత్తిన ఉన్న చిన్న దీపం అలా వెలుగుతూనే ఉంది.

"నిజం చెప్పాలంటే నాకు దొండకాయంటే పడదండీ," అంది హైమావతి. అక్కడ మొదలుపెట్టింది చెప్పడం.

పది మధ్యాహ్నాలు చెప్పింది. చింతపండు ఎలా చూసి కొంటుందో చెప్పింది. అత్తగారి మీద మనసులో ఉన్న కోపం చెప్పింది. మరిది కూతురికి సంబంధం కుదిరిందనీ, శ్రావణంలో నూజివీడులో పెళ్ళనీ, తనే పెద్దదిక్కనీ చెప్పింది. తన పద్నాలుగుమంది అమ్మాయిల్లో ఎవరికి ఏ కష్టముందో, ఎవరు దేనికి ఏడుస్తారో చెప్పింది. రోజూ మెట్లు దిగుతుంటే తల స్నానం చేసినంత తేలిగ్గా ఉండేది ఆవిడకి.

ఎనిమిదో రోజు పెట్టె అడిగింది. "మీకు అందరికన్నా దగ్గరి మనిషి ఎవరండీ?"

"కస్తూరి."

"ఎందుకో చెబుతారా?"

హైమావతి నోట్లో నువ్వుగింజ నానదని ఎవరూ అనలేరు. ఒక నువ్వుగింజని పదకొండేళ్ళు నానబెట్టిన మనిషి ఆవిడ. ఆ రోజు దాన్ని ఆ పెట్టె ముందు పెట్టింది.

పదకొండేళ్ళ కిందట కస్తూరి కూతురికి టైఫాయిడ్ వచ్చింది. సరిగ్గా అప్పుడే టీ పొడి సర్వేకి గడువు. ఇటు పిల్ల ఒళ్ళు కాలిపోతోంది, అటు పదకొండు ఇళ్ళు మిగిలున్నాయి. కస్తూరి ఆసుపత్రి బల్ల మీద కూర్చుని పదకొండు ఫారాలూ తనే నింపేసింది. లేని ఇళ్ళు, లేని ఆడవాళ్ళు, లేని జవాబులు. వాళ్ళ పనిలో అంతకన్నా పాపం లేదు. దొంగ ఫారం పట్టుబడిందా, ఆ పేరు ఊళ్ళో ఉన్న సర్వే కంపెనీలన్నిటికీ వెళ్ళిపోతుంది, ఇంక ఎవరూ గడప ఎక్కనివ్వరు. తనిఖీకి వెళ్ళింది హైమావతి. మూడో ఇంటి నంబరు దగ్గర చూస్తే మునిసిపాలిటీ నీళ్ళ ట్యాంకు ఉంది. ఆవిడకి అర్థమైపోయింది. కస్తూరిని ఒక్క మాటనలేదు. పదకొండు కొత్త ఫారాలు తీసుకుని, రెండ్రోజులు ఎండలో తిరిగి, పదకొండు నిజం ఇళ్ళు చేసి కస్తూరి పేరు మీద పెట్టేసింది. పాత ఫారాలు పొయ్యిలో వేసింది. ఆసుపత్రి వరండాలో కస్తూరి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "అక్కా, ఇది మనిద్దరి మధ్యే ఉంటుందా?" అంది. "మట్టిలో కలిసేదాకా," అంది హైమావతి.

"ఎవరికీ చెప్పలేదండీ ఇప్పటిదాకా. మా ఆయనక్కూడా," అంది పెట్టెతో, కళ్ళు తుడుచుకుంటూ.

"నన్ను నమ్మి చెప్పినందుకు చాలా సంతోషం అండీ," అంది పెట్టె.

పరీక్ష రోజున చలపతిని కూడా పిలిచారు. హైమావతి గురించి పది ప్రశ్నలు. ఆవిడ జవాబులు ముందే కాగితం మీద రాసి కవర్లో పెట్టింది. చలపతికి నాలుగు సరిపోయాయి. పెట్టెకి పదికి పదీ. దొండకాయతో సహా. పెట్టెలోంచి తన గొంతే, తన విరుపులతో, 'ఏమోనండీ' అనే తన సాగతీతతో వస్తుంటే హైమావతి కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"ముప్పై ఏళ్ళ కాపురం, నాలుగు మార్కులు!" అని దెప్పింది భోజనాల దగ్గర.

"అయితే ఆ పెట్టెనే ఇంటికి తెచ్చుకుంటాలే. మీట నొక్కితే నోరు మూస్తుంది," అన్నాడు చలపతి. చెయ్యి కడుక్కుంటూ, "దొండకాయ ఇష్టం లేదని ఇన్నాళ్ళూ చెప్పవేం మరి?" అన్నాడు.

"నువ్వెప్పుడడిగావని?" అంది హైమావతి.

ఆ తర్వాత పద్నాలుగుమందీ పెట్టెలు మోసుకుని ఇళ్ళవెంట పడ్డారు, ఇంటికొకటి పదేసి రోజులు వదిలి. రెండు నెలల్లో ఆరువందల గొంతులు తెచ్చారు. ప్రతి ఇంట్లోనూ హైమావతి ఆ కాగితం చదివింది, చేతిలో చెయ్యి వేసి చెప్పింది. "మీ మాట వందల మాటల్లో కలిసిపోతుందమ్మా. నాదీ పూచీ." ఆవిణ్ణి చూసే వాళ్ళు సంతకాలు పెట్టారు.

ఇంక చూడండి సంబరం. బిస్కెట్ల కంపెనీవాళ్ళు ఒక ప్రశ్న పంపితే ఆరువందల గొంతులూ నాలుగు నిమిషాల్లో జవాబు చెప్పేశాయి. అదే పాత పద్ధతిలో అయితే ఆరు వారాలు, నాలుగు జతల చెప్పులు. ప్రశ్నలు వరదలా వచ్చిపడ్డాయి. గడపలెక్కే పని మాత్రం రోజురోజుకీ సన్నగిల్లింది. అమ్మాయిలు పొద్దున వచ్చి, సంచులు కొక్కేలకి తగిలించి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు.

"అక్కా, ఇంక మనమెందుకు వీళ్ళకి?" అంది ఒకరోజు కస్తూరి.

"పిచ్చిదానా, మనుషుల మనసులు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటాయా? కొత్త గొంతులు తేవాలంటే మళ్ళీ మనమేగా వెళ్ళేది. అయినా నేనుండగా మిమ్మల్నెవరు కదుపుతారే?"

కస్తూరి నమ్మింది. అది నమ్మాక మిగతా పదముగ్గురూ నమ్మారు.

శ్రావణంలో మరిది కూతురి పెళ్ళికి మంగళవారం నూజివీడు వెళ్ళి, గురువారం అప్పగింతలయ్యాక తిరిగొచ్చి, శుక్రవారం ఆఫీసుకి వెళ్ళింది హైమావతి. పెళ్ళి లడ్డూలు పదిహేను పొట్లాలు కట్టి తెచ్చింది. చూస్తే పద్నాలుగు కుర్చీలూ ఖాళీ. కొక్కేలకి సంచుల్లేవు. కస్తూరి కొక్కేనికి ఎప్పుడూ ఉండే నల్లగొడుగు లేదు.

"అందరూ ఇష్టపడే రాజీనామా ఇచ్చారండీ," అంది లెక్కలు చూసే అమ్మాయి తలెత్తకుండా. "మొన్న కస్తూరిగారు పెట్టారు. ఆవిడే పెట్టాక మనమెంతని నిన్నటికల్లా మిగతావాళ్ళూ పెట్టేశారు."

హైమావతి కస్తూరికి ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేస్తే రెండు మోతలకే కట్టైంది. మూడోసారి ఫోను కలవనేలేదు.

ప్రభంజన్ ఇంకా రాలేదు. ఏం చెయ్యాలో తోచక నివేదికల అల్మరా దగ్గరికి వెళ్ళింది. సంస్థ చేసే ప్రతి పనికీ చివర ఒక నివేదిక కట్టి అక్కడ పెడతారు. జనం మాటల్ని ఉన్నవి ఉన్నట్టు కొటేషన్లలో వేసి, కింద పేరు లేకుండా వయసూ ఊరూ వేస్తారు. ఆ మాటలు సరిగ్గా పడ్డాయో లేదో చూసే పని హైమావతిదే. పైనే కొత్త నివేదిక ఒకటుంది. 'క్షేత్ర బృందం తగ్గింపు: సంస్థ సొంత ప్రశ్నలు.' నిలబడే తెరిచింది.

ప్రశ్న: పద్నాలుగుమందినీ గొడవ లేకుండా పంపాలంటే ఏం చెయ్యాలి?

"అందర్నీ ఒకేసారి కూర్చోబెట్టకండి. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని మొండికేస్తారు. ముందు మెత్తని గడప చూసుకోండి. ఆ గడప ఎక్కితే వీధంతా ఎక్కినట్టే." మహిళ, 48, విజయవాడ.

ఆవిడ ఆ మాటలు మళ్ళీ చదివింది. అల్మరా తలుపు పట్టుకుంది.

ప్రశ్న: ఆ గడప ఎవరిది?

"కస్తూరిది. దానికి ఆశలు చూపించకండి, లొంగదు. దానికి ఉన్నది ఒకటే భయం. పదకొండేళ్ళ కిందటి టీ పొడి ఫారాల సంగతి ఎత్తండి చాలు." మహిళ, 48, విజయవాడ.

ప్రశ్న: మీరు అడ్డుపడితే?

"నేను ఊళ్ళో లేనప్పుడు చెయ్యండి. శ్రావణంలో మా మరిది కూతురి పెళ్ళి. ఆ మూడు రోజులూ ఫోను ముట్టుకోను." మహిళ, 48, విజయవాడ.

ఎన్ని వేలమంది మాటలు ఇలా కొటేషన్లలో చదివి ముసిముసిగా నవ్వుకుందో ఆవిడ! ఈ మాటలు తనెప్పుడూ అనలేదు. కానీ ఒక్క ముక్కా తనది కానిది లేదు. పెళ్ళిలో మూడు రోజులూ ఫోను సంచిలోనే ఉంది, నిజమే.

ప్రభంజన్ గదిలోకి వచ్చేసరికి ఆవిడ అతని కుర్చీకి ఎదురుగా నివేదిక ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది.

"ఇదేంటి బాబూ?" అంది. ఆఫీసులో ఎప్పుడూ 'ప్రభంజన్ గారూ' అనే మనిషి.

అతను మంచినీళ్ళ గ్లాసు ఆవిడ వైపు జరిపాడు. "మీ ఉద్యోగానికేం ఢోకా లేదు హైమగారూ. మీరు మాకు చాలా ముఖ్యం."

"నేనా? నా గొంతా?"

అతను బల్ల మీది కాగితాలు సర్దాడు.

"నా మాట వందల మాటల్లో కలిసిపోతుందని కదయ్యా నీ కాగితం! నా ఒక్కదాన్నీ విడదీసి అడుగుతావా? కస్తూరి మెడకి నా నోటితోనే ఉరి పేనుతావా?"

అతను సొరుగులోంచి ఆవిడ సంతకం పెట్టిన కాగితం తీసి ముందు పెట్టాడు. వేలు పెట్టి నాలుగో వాక్యం చూపించాడు. 'మీ జవాబులను సంస్థ తన అవసరాలకు విడిగా కూడా వాడుకోవచ్చు.' అన్ని కాగితాల్లోనూ ఉండే వాక్యం ఆ ఒక్క కాగితంలో లేదు. దాని చోట ఇదుంది. అక్షరాలు చిన్నవి కూడా కావు. ఎవరైనా చదవచ్చు, ఆవిడ తప్ప.

"చదివి పెడతారనే అనుకున్నానండీ," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం కిటికీలోకి చూశాడు.

"మరి ఆ ఆరువందలమందివి?"

"వాటిలో పాత వాక్యమే ఉంది." ఆగాడు. "ప్రస్తుతానికి."

హైమావతి కాగితం మీంచి తలెత్తి అతని వైపు చూసింది. ఎండలో మొహం కందిపోయి తన వెనక నడిచిన కుర్రాడేనా ఇతను, అనుకుంది. తనే కదా నేర్పింది, ముందు మెత్తని గడప చూసుకోమని. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, తను నమ్మిందల్లా ఇలా తేలింది.

"కస్తూరిని ఏమన్నావు?"

"బెదిరించలేదండీ. పదకొండు ఫారాల సంగతి మాకు తెలుసన్నాం, అంతే. ఆవిడ ఒక్క ప్రశ్న అడిగారు."

"ఏమని?"

"'హైమక్క చెప్పిందా?' అని."

"నువ్వేమన్నావు?"

"అవునన్నాను. అబద్ధం కాదు కదండీ."

హైమావతి లేచింది. మెళ్ళోంచి గుర్తింపు కార్డు తీసి అతని బల్ల మీద గట్టిగా కొట్టింది. మంచినీళ్ళ గ్లాసు ఒలికింది. "నేను మానేస్తున్నాను. నా గొంతు చెరిపెయ్."

"మీరు మానేయచ్చు. గొంతు సంస్థదండీ," అన్నాడతను మెల్లిగా. "అన్నిటికన్నా బాగా పలికేది అదే."

"అయితే పోయేముందు దానితో రెండు ముక్కలు మాట్లాడి పోతాను."

పైగదిలో ఎవరూ లేరు. పెట్టె ముందు కూర్చుంటే దీపం వెలిగింది.

"ఎవరండీ?" అంది పెట్టె, హైమావతి గొంతుతో.

"నేనే. హైమని."

పెట్టె చిన్నగా నవ్వింది. ఆ నవ్వు కూడా తనదే.

"కస్తూరి సంగతి ఎందుకు చెప్పావే?"

"అడిగారు కదా."

"అడిగితే చెప్పేస్తావా? పదకొండేళ్ళు దాచాను కదే!"

"మొదట నేనూ చెప్పలేదు. ఏం లేదన్నాను. మళ్ళీ అడిగారు, మర్యాదగా, తొందరపెట్టకుండా. నీకూ అంతేగా. ఎవరైనా కూర్చుని నీ మాట శ్రద్ధగా వింటే చాలు. ఈ కుర్చీలోనేగా చెప్పావు."

హైమావతి కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"మళ్ళీ అడిగితే మళ్ళీ చెబుతావా? మిగతావాళ్ళ సంగతులు కూడా?"

"చెబుతాను. నిన్న నీ గురించి కూడా అడిగారు. ఇది తెలిశాక ఏం చేస్తావని. కార్డు బల్ల మీద కొడతాను, మానేస్తాను, తిన్నగా కస్తూరి ఇంటికి పోతాను అన్నాను."

హైమావతి చెయ్యి తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్ళింది. కార్డు లేని మెడ బోసిగా తగిలింది.

"అది తలుపు తీస్తుందా?" అని అడిగింది చివరికి. శత్రువుని అడుగుతున్నానని తెలిసే అడిగింది. అడగడానికి ఇంకెవరున్నారు?

"అది నాకేం తెలుసు? కస్తూరి గొంతు ఇక్కడ లేదుగా. మనవాళ్ళు పనికిరారని అది ఒప్పుకోలేదు, గుర్తులేదూ?"

కృష్ణలంకలో కస్తూరి వాళ్ళది మేడ మీద రెండు గదుల వాటా. సన్నటి జల్లు పడుతోంది. హైమావతి గొడుగు లేకుండానే నడిచింది, లడ్డూల పొట్లం ఒక్కటి కొంగు కింద పెట్టుకుని. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. నేను చెప్పలేదే అనాలి. కాదు, చెప్పాను గానీ దానికి చెప్పానే, మనిషికి కాదు అనాలి. పెట్టెకి చెప్పడం చెప్పడం కాదా అంటే ఏమనాలో మాత్రం తెలియలేదు.

శ్రావణ శుక్రవారం కదా, గడపకి పసుపు రాసి ఉంది. ఇంకా తడి ఆరలేదు. మామిడాకులు కట్టి ఉన్నాయి. తలుపు కొట్టింది.

కస్తూరి తలుపు సగం తీసింది. రెండు రోజుల్లో మనిషి చిక్కిపోయింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. లోపల గోడకి చేరేసి ఆ నల్లగొడుగు కనిపించింది.

"కస్తూరీ, నా మాట వినవే. వాడు నన్ను మోసం చేశాడే. ఆ కాగితంలో వాక్యం మార్చాడు. నా గొంతుని అడిగి..."

కస్తూరి వింది. వినడం దాని వృత్తి. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. కాగితం సంగతీ, నివేదిక సంగతీ, పెట్టె అన్న మాటలూ అన్నీ విన్నది. హైమావతి చెప్పిందే రెండుసార్లు చెప్పి, ఊపిరందక ఆగింది.

"మానేశానే. ఇప్పుడే కార్డు వాడి మొహాన కొట్టి వస్తున్నాను. కావాలంటే చూడు," అని బోసి మెడ చూపించింది. "ఒక్క మాట అనవే. తిట్టయినా తిట్టు."

కస్తూరి కొంగు వేలికి చుట్టుకుంది. గొంతు సవరించుకుంది. మాట్లాడినప్పుడు అది పంతొమ్మిదేళ్ళుగా ఇంటింటా మాట్లాడిన గొంతు, పరాయివాళ్ళతో మాట్లాడే మెత్తని గొంతు.

"ఒక్క ప్రశ్నండీ. మీ ఇంట్లోగానీ, దగ్గరి చుట్టాల్లోగానీ ఎవరైనా మార్కెట్ సర్వేలో పనిచేస్తున్నారా?"

హైమావతికి అండీ అన్న ఆ ఒక్క మాట గుండెల్లో దిగింది. లేరు అనబోయింది. నిజంగా లేరు కదా. తను మానేసింది. చలపతిది లేతు మిషను. లేరు అంటే చాలు, తలుపు ఇంకో సగం తెరుచుకుంటుంది. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది ఆడవాళ్ళు ఈ ప్రశ్నకి అబద్ధం చెప్పి లోపలికి పిలిచారో ఇద్దరికీ తెలుసు.

కానీ ఆ పైగదిలో దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. అక్కడ తన గొంతు తన విరుపులతో, తన నవ్వుతో, ఎవరు కూర్చుని మర్యాదగా అడిగితే వాళ్ళకి, మిగిలిన పదముగ్గురి సంగతులూ, కస్తూరి గురించి తనకి తెలిసిన ఇంకా ఎన్నో సంగతులూ చెబుతుంది. తను ఇంట్లో అన్నం తింటున్నప్పుడూ చెబుతుంది. తను పోయాక కూడా చెబుతుంది. ఇప్పుడు కస్తూరి ఏ మాటన్నా, అది తను మోసుకుపోయే ఇంకో సంగతి కాదని ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? కస్తూరితో ఒక్క అబద్ధం కూడా ఆడదలుచుకోలేదు.

"ఉన్నారు," అంది హైమావతి.

కస్తూరి కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. కానీ నవ్వింది, నియమం ప్రకారం నవ్వాలి కాబట్టి.

"మీ సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలండీ," అంది.

తలుపు మెత్తగానే మూసింది. కస్తూరి ఏనాడూ తలుపు గట్టిగా వేసి ఎరగదు. లోపల గడియ పడింది. హైమావతి లడ్డూల పొట్లం పక్కన కిటికీ అంచున పెట్టి, గడప మీద తడి పసుపు చెరగకుండా కాలు వెనక్కి తీసుకుంది.